కుట్టుమిషను లెక్క

వదిన ఈ రోజు గంతలు వంకరగా కట్టింది. ఎడమ కంటి కింద సన్నటి సందు మిగిలిపోయింది. అందులోంచి ఒళ్లో పెట్టుకున్న నా చేతులు తప్ప ఇంకేమీ కనిపించవు కాబట్టి జనాన్ని మోసం చేసినట్టేం కాదు, అయినా ఇన్నేళ్లలో వదిన ఇలా కట్టింది లేదు. నల్లగుడ్డ రెండు మడతలు, వెనక ఒక ముడి, దాని మీద ఇంకో ముడి, ఆపైన నా నెత్తిన ఒక మొట్టికాయ, ఆ మొట్టికాయకి హాల్లో మొదటి నవ్వు, ఇదీ వరస. ఈ రోజు మొట్టికాయ మొట్టికాయలా లేదు, జ్వరం ఉందేమోనని చెయ్యి పెట్టి చూసినట్టుంది, అందుకే నవ్వు కూడా సగమే వచ్చింది. మెడకి తగిలిన వేళ్లు చల్లగా ఉన్నాయి. "ఏంటి వదినా" అని గొణిగాను, మైకుకి అందకుండా. "ఏం లేదులే" అంది. ఈ నెలంతా తన నోట్లో ఇదే మాట. అన్నం మాడినా ఏం లేదులే, జాకెట్టు గుండీలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకున్నా ఏం లేదులే. ఏం లేకపోతే మనిషి అలా ఎందుకుంటుంది? మెట్లు దిగుతోంది, చెక్కమెట్లు, చివరిది కిర్రుమంటుందని సాయంత్రం వచ్చినప్పుడే చూసుకున్నాం, అదిగో కిర్రుమంది, జనంలోకి వెళ్లిపోయింది. ఇక నేను కుర్చీలో చీకట్లో, తను అక్కడ అందరి మధ్య. "మా మరదలికి కళ్లు కట్టగలిగాను గానీ నోరు కట్టడం నా వల్ల కాలేదండీ, ముందే క్షమించండి" అంటోంది. ఈసారి నిండుగా నవ్వారు. హమ్మయ్య.

మేం చేసేది ఇంతే. వదిన జనంలో తిరిగి ఎవరి దగ్గరో ఏదో వస్తువు అడిగి తీసుకుంటుంది, నేను కళ్లు కట్టుకుని అదేంటో చెబుతాను. మనసులు చదివే వదినా మరదళ్లు అని బయట గోడ మీద పోస్టరు కూడా ఉంది, అందులో నేను పంటినొప్పి వచ్చిన దానిలా ఉన్నాను. చదవడమా పాడా, అంతా లెక్క. వస్తువు చేతికి రాగానే వదిన "సరే" అంటుంది, అక్కడ నా లెక్క మొదలవుతుంది. మళ్లీ నోరు విప్పి "ఏంటిది మరదలా" అనగానే ఆపాలి. ఒకటి దగ్గర ఆగితే పెన్ను, రెండయితే తాళంచెవి, మూడు రుమాలు, నాలుగు దువ్వెన, ఐదు కళ్లజోడు, ఆరు గడియారం, అలా ఎక్కువగా దొరికేవి ముందు, తక్కువగా దొరికేవి వెనక. మధ్యలో ఆ మౌనం జనానికి తెలియకుండా వదిన మొహంతో వేషాలు వేస్తుందట, వస్తువుని వాసన చూస్తుందట, చెవి దగ్గర పెట్టుకుని తల ఊపుతుందట, వాళ్లు పగలబడి నవ్వుతారు, ఆ నవ్వు కింద మా లెక్క చప్పుడు లేకుండా నడిచిపోతుంది. అట అని ఎందుకంటున్నానంటే నేనెప్పుడూ చూసిన పాపాన పోలేదు. మా వదిన ఎంత గొప్ప నటో ఊళ్లన్నిటికీ తెలుసు, నాకు తప్ప. నాకు తెలిసిన వదిన పొద్దున పళ్లు తోముకుంటూ నా తువ్వాలు ఎక్కడ పెట్టావని అరిచే మనిషి.

"సరే" అంది వదిన. ఎవరో ఏదో ఇచ్చారన్నమాట. నేను లెక్క మొదలుపెట్టానో లేదో టింగుమని చప్పుడు, నేల మీద చిన్నదేదో పడి గుండ్రంగా దొర్లుకుంటూ పోయిన చప్పుడు, పోయి పోయి కుర్చీ కాలికి తగిలి ఆగింది. అదే క్షణంలో నా మొహం మీది వేడి పోయింది. సందులోంచి కనిపిస్తున్న నా చేతులు చీకట్లో కలిసిపోయాయి. ఇదేం చోద్యం? మాకున్నది ఒకటే పెద్ద లైటు. హాల్లో మామూలు దీపాలు వదిన కోసం వెలుగుతూనే ఉంటాయి, పెద్ద లైటు మాత్రం నా మొహం మీంచి కదలకూడదు, ఆట మొదలయ్యాక భూకంపం వచ్చినా కదలకూడదు. ఇన్నేళ్లలో కదల్లేదు కూడా. హాలు వెనక ఎత్తు మీద నిలబడి దాన్ని తిప్పేది మా ఊరివాడే, అన్నయ్య నాటకాల స్నేహితుడు చూద్దాం గారు. ఆయనకి ఆ పేరు పెట్టింది నేనే. వాన వస్తుందంటారా అంటే చూద్దాం, టీ తాగుతారా అంటే చూద్దాం, పైకప్పు కూలేలా ఉందండీ అన్నా చూద్దామనే అంటాడు. అలాంటి మనిషి లైటు కదిపాడు. "ఏం లేదండీ, నా పరువు జారిపడింది, దొరికింది దొరికింది" అంటోంది వదిన, వంగి మాట్లాడుతున్న గొంతుతో. లైటు మళ్లీ నా మీదకొచ్చింది. ఈ గందరగోళంలో నా లెక్క నాలుగు దగ్గరికి వచ్చేసింది, "ఏంటిది మరదలా" అనేసింది తను, "దువ్వెన" అనేశాను నేను. హాలు హాలంతా ఘొల్లుమంది. "బట్టతల పెద్దమనిషి ఇచ్చిన పెన్నమ్మా ఇది" అంది వదిన, "ఆయన పెన్నుతో తల దువ్వుకుంటాడా ఏంటి?" మళ్లీ ఘొల్లు. వాళ్లకి అది రాసుకున్న జోకు. నాకు చెవుల వెనక చెమట పట్టింది.

జారిపడింది. తన చేతిలోంచి జారిపడింది. పెన్ను పడితే దొర్లిన చప్పుడు అలా ఉండదు, పెన్ను టకటకమంటుంది, ఇది చిన్నది, గుండ్రంది, నాణెం కావచ్చు, గుండీ కావచ్చు, ఏదైతేనేం, వదిన వేళ్లు దేన్నీ జారవిడవవు. సూదిలో దారం చూడకుండా ఎక్కించే వేళ్లు. నాకు అన్నయ్య కత్తెర గుర్తొచ్చింది. గుర్తు రాకూడదనుకుంటూనే ఉన్నాను. అన్నయ్య జబ్బులో ముందు వచ్చింది అదే కదా. ఓ మధ్యాహ్నం కోటు గుడ్డ కత్తిరిస్తూ కత్తెర కింద పడేసి, దానివైపు చూసి నవ్వి, "దీనికి నిద్రొస్తోంది" అన్నాడు. మేమూ నవ్వాం. వారం తిరక్కుండా మళ్లీ పడేశాడు, ఈసారి నవ్వలేదు. ఆ తర్వాత ఆసుపత్రి బల్లలు, గోడ మీది గడియారం, అన్నయ్య చెయ్యి దుప్పటి మీద తనకి తానే కత్తిరిస్తున్నట్టు కదలడం. మనిషి పోయేది ఒక్కసారి కాదు, వేలు వేలుగా పోతాడు. ఇప్పుడు వదిన అన్నం మాడుస్తోంది, గుండీలు తప్పు పెట్టుకుంటోంది, మధ్యాహ్నాలు మా దర్జీ కొట్టుకి తాళం వేసి "ఇప్పుడే వస్తా" అని వెళ్లి చీకటి పడే వేళకి వస్తోంది, ఎక్కడికి వెళ్లావంటే ఏం లేదులే. డాక్టరు దగ్గరికే అయుంటుంది. నాకు చెప్పకుండా ఒక్కతే వెళ్లి, ఒక్కతే ఆ బల్ల మీద కూర్చుని, ఒక్కతే విని వచ్చి, నాకు అన్నం వడ్డిస్తోంది. దేవుడా, అది మాత్రం కాకూడదు.

ఆ లెక్క ఎక్కడిదంటే మా కొట్టుదే. ముందు అన్నయ్య కత్తిరించే బల్ల, మధ్యలో పాత దుప్పటితో చేసిన తెర, తెర వెనక రెండు కుట్టుమిషన్లు పక్కపక్కన, ఒకటి వదినది ఒకటి నాది. ఎవరో ఒకరు ముందు వైపు కొలతలు తీసుకోవాలి కాబట్టి ఆడవాళ్లొస్తే వదిన టేపు పట్టుకుని తెర దాటి వెళ్లేది. నేను తొక్కుతూనే ఉండేదాన్ని. రెండు మిషన్లు ఏళ్ల తరబడి పక్కపక్కన తొక్కితే కాళ్లు ఒకదానికొకటి అలవాటు పడిపోతాయి, నేను వేగంగా తొక్కితే తనూ వేగం పెంచేది, నేను ఆపితే తనూ ఆపి "ఏమైందే" అనేది. అన్నయ్యకి నాటకాల పిచ్చి. వచ్చినవాళ్లని కూర్చోబెట్టి "తెర వెనక మా చెల్లెలుంది, మిమ్మల్ని చూడకుండానే మీ నడుము కొలత చెబుతుంది" అనేవాడు. వదిన టేపు చుట్టి "సరే" అనేది, నేను తొక్కుతూ ఇరవై నుంచి అంగుళాలు లెక్కపెట్టేదాన్ని, తను మళ్లీ మాట్లాడగానే తెర వెనక నుంచి కొలత అరిచేదాన్ని. వచ్చినావిడ గుండె మీద చెయ్యి వేసుకునేది. ఇక వదిన దగ్గిందంటే ఆ వచ్చినది మన సొంత మనిషి అని, బంధువో స్నేహితురాలో అని గుర్తు, అప్పుడు కొలత కాదు చెప్పాల్సింది, ఏదో ఒక వేళాకోళం. "ఈవిడకి టేపు చాలదు, చుట్టుపక్కల ఇళ్లలో అడగండి" అని నేను అరిస్తే ఆ బంధువు తెర ఎత్తి వచ్చి నా జుట్టు పట్టుకునేది. ఆ ఆటే ఓ సంఘం వార్షికోత్సవంలో వేదిక ఎక్కింది, అక్కడి నుంచి ఇక్కడి దాకా వచ్చింది. తెర పోయి గంతలు వచ్చాయి, మిషను పోయింది, తొక్కుడు మాత్రం నా కుడికాలి బొటనవేలిలో మిగిలింది, చెప్పులోపల, ఎవరికీ కనిపించకుండా.

"సరే" అంది మళ్లీ. ఒకటి, రెండు, మూడు. నవ్వులు. నాలుగు. వదిన ఊపిరి మైకులో వినిపిస్తోంది, మెట్లెక్కి వచ్చినదానిలా. ఐదు. "ఏంటిది మరదలా?" ఐదంటే కళ్లజోడు. కానీ ఆ ఊపిరి వేగం చూస్తే వదిన మిషను నాకంటే ముందు పరిగెడుతోంది, నేను ఐదు తొక్కేలోగా తను ఆరు తొక్కి ఉంటుంది. చెప్పేస్తే కళ్లజోడు, ఆలోచిస్తే గడియారం. తప్పు ఒకసారి జోకు, రెండోసారి తప్పే. "గడియారం" అన్నాను. చప్పట్లు. ఆ చప్పట్లలో నాకు సంతోషమేం లేదు, ఇంకా భయమేసింది. అంటే నిజంగానే లెక్క తప్పుతోంది. నా కాలూ వదిన కాలూ వేరైపోతున్నాయి. తన వెనకాల నేను పరిగెత్తాలి, అంతే, పరిగెడతాను, అన్నయ్య పోయాక కొట్టు తెరిచిన మొదటి రోజున తను నా వెనకాల పరిగెత్తలేదా. ఆ రోజు నేను మిషను ముందు కూర్చుని ఏడుస్తూ అడ్డదిడ్డంగా తొక్కుతుంటే, తను మాట్లాడకుండా పక్క మిషను ముందు కూర్చుని, నా అడ్డదిడ్డాన్నే పట్టుకుని తొక్కింది. ఆ పూట మేం కుట్టిన గుడ్డ ఎందుకూ పనికిరాలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. అన్నయ్య పోయాక ఆ మిగతా అర్ధం కూడా నేనే అయిపోయాననుకున్నాను, అందుకే కాబోలు తన మీద ఆ పెత్తనం. నాకు పెళ్లి కాలేదు, పెద్ద కథేం లేదు, అడిగినవాళ్లు నచ్చలేదు, నచ్చినవాడు అడగలేదు. రెండు గదుల ఇల్లు, ఒక గదిలో కొట్టూ మిషన్లూ, ఒక గదిలో మేం. నేను గురక పెడతానని తనంటుంది, తను నిద్రలో మాట్లాడుతుందని నేనంటాను. ఇద్దరం అన్నం తినేటప్పుడు మూడో పీట వాల్చే ఉంచుతాం, దాని మీద ఉప్పుడబ్బా పెట్టుకుంటాం, ఎందుకో మేమెప్పుడూ అనుకోలేదు. వదినకి ఏమైనా అయితే ఆ ఇంట్లో నేను ఎవరి మీద అరవాలి? ఎవరితో పోట్లాడాలి? ఇదంతా నా స్వార్థమే, ఆవిడ జబ్బు గురించి ఆలోచించాల్సింది పోయి నా అరుపుల గురించి ఆలోచిస్తున్నాను. ఆలోచన అలాగే వస్తుంది మరి, నేనేం చెయ్యను.

ఇప్పుడు మనసులో మాట చెప్పే భాగం. వదిన ఎవరినో లేపి నిలబెట్టి, "ఈ బాబు మనసులో ఏముంది మరదలా" అంటుంది, దీనికి లెక్కా గిక్కా లేదు, చెప్పేవాడికి వినేవాడు లోకువ, అంతే. నేను నుదుటి మీద రెండు వేళ్లు పెట్టుకుని, "వచ్చేటప్పుడు ఇంటికి తాళం వేశానా లేదా అనుకుంటున్నారు" అన్నాను. ఆ బాబు సంగతి దేవుడెరుగు, హాల్లో సగం మంది జేబులు తడుముకున్న చప్పుడు నాకే వినిపించింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నవ్వులే నవ్వులు. ఎవరి మనసులోనైనా ఉండేవి నాలుగే, ఇల్లు, ఒళ్లు, పిల్లలు, ఎవరితోనో చెప్పలేకపోయిన మాట. ఈ నాలుగూ తిప్పితిప్పి చెబుతూ ఇన్ని ఊళ్లు నెగ్గుకొచ్చాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, నేను రచ్చలో గెలిచి ఇంట్లో అన్నం మాడుతుంటే ఎందుకో కనుక్కోలేకపోయాను.

"సరే" అంది వదిన. ఈసారి దూరం నుంచి, హాలు మధ్యలోంచి. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే మైకులో వినిపించేది, ఆ పెద్దాయనా ఈ అమ్మాయీ అంటూ ఏదో ఒకటి అనేది. ఎవరినీ అడక్కుండానే సరే అంది. ఒకటి. రెండు. వేగంగా లేదిప్పుడు. పాత తొక్కుడు, నిదానంగా, ఇద్దరికీ అలవాటైన తొక్కుడు. మూడు, నాలుగు. నవ్వులు లేవు, అంటే వేషాలు వెయ్యడం లేదు, ఊరికే నిలబడి ఉంది. ఐదు, ఆరు. ఎవరో దగ్గారు, వెనక వరసలో ఓ పిల్ల ఏదో అడిగితే తల్లి ఉష్ అంది. ఏడు. వదినా ఆపు, ఇంత పొడుగు మౌనం ఎవరు ఓర్చుకుంటారు. ఎనిమిది. తొమ్మిది. "ఏంటిది మరదలా?"

తొమ్మిదంటే ఉంగరం.

"ఎవరిదో కూడా చెప్పు" అంది, అని, దగ్గింది. జలుబు దగ్గు కాదు. కొట్టులో తెర అవతల దగ్గే దగ్గు, ఏళ్లయింది నేనది విని. మన సొంత మనిషి అని అర్థం. మన సొంత మనిషి ఎవరున్నారిక్కడ? మనకి సొంతమంటూ మిగిలింది నేనూ తనూ. నా చేతులు నాకు సందులోంచి కనిపిస్తూనే ఉన్నాయి, ఉంగరం లేదు. తనకీ లేదు, మిషను పని చేసేవాళ్లు ఉంగరాలు పెట్టుకోరు, గుడ్డకి పట్టుకుంటాయి, అన్నయ్య పెట్టిన ఉంగరం పెళ్లయిన నెలకే తీసి డబ్బాలో దాచింది, అది ఇప్పటికీ గుండీల డబ్బా అడుగునే ఉంది, నిన్న గుండీ వెతుకుతూ చూశాను. మరి ఈ ఉంగరం ఎక్కడిది. చిన్నది, గుండ్రంది, టింగుమని పడి దొర్లింది. అది పడగానే, వదిన వంగకముందే, జనం నవ్వకముందే, నా చేతులు చీకట్లో పడ్డాయి. భూకంపం వచ్చినా కదలని లైటు నేల మీదకి పోయి వెతికింది. ఏం పడిందో, ఎంత చిన్నదో, ఎంత అవసరమో లైటు తిప్పేవాడికి ముందే తెలుసు.

చూద్దాం గారు. ఆయనా? ఆ మనిషా? వానకీ టీకీ పైకప్పుకీ ఒకటే జవాబు చెప్పే మనిషి, ఎన్ని మధ్యాహ్నాలు చూద్దాం చూద్దామని ఉంటాడు, చివరికి ఎప్పుడు చూశాడు, ఏం చూశాడు? ఆసుపత్రికి రోజూ వచ్చేవాడు, నాకిప్పుడు గుర్తొస్తోంది, ఏమీ మాట్లాడకుండా గోడకి ఆనుకుని నిలబడేవాడు, అన్నయ్యకి కిటికీ వెలుతురు కంట్లో పడుతుంటే పరదా ఎంత జరపాలో అంతే జరిపి వెళ్లిపోయేవాడు. నేను ఆయన పేరు మీద జోకులు వేస్తుంటే వదిన నవ్వేది కాదు, నాకు హాస్యం తగ్గిందేమోనని నా మీద నేనే అనుమానపడ్డాను. జబ్బు కాదు. వదినకి జబ్బు కాదు. ముందు ఆ మాట నా ఒంటి నిండా వేడినీళ్లలా పాకింది, అన్నయ్య కత్తెర ఎక్కడో వెనక్కి వెళ్లిపోయింది, కాళ్లు తేలికయ్యాయి, వెంటనే, ఆ తేలికదనం చల్లారకముందే, కోపం వచ్చింది.

ఇంట్లో చెప్పొచ్చుగా. పొయ్యి దగ్గర చెప్పొచ్చు, బస్సులో పక్క సీట్లో కూర్చుని మూడు గంటలు వచ్చాం, అప్పుడు చెప్పొచ్చు. ఇంతమంది ముందు, నా కళ్లు కట్టేసి, నన్ను లైటులో కూర్చోబెట్టి, ఆ లైటు కూడా ఆయన చేతిలోనే పెట్టి, ఇప్పుడా చెప్పడం? నాలుక చివరిదాకా వచ్చింది తాళంచెవి అనే మాట. అంటే చాలు. జనం నవ్వుతారు, వదిన ఏదో సర్దుకుంటుంది, ఆట అయిపోతుంది, ఇంటికి వెళ్లి అన్నం తింటాం, తనిక ఇంకెప్పుడూ అడగదు. నాకు తెలుసు తన సంగతి, ఒకసారి కాదంటే రెండోసారి నోరెత్తే మనిషి కాదు. డబ్బాలో ఇంకో ఉంగరం చేరుతుంది. కానీ ఇంట్లో ఎలా చెబుతుంది? పొయ్యి దగ్గర తను "ఓ మాట" అన్నప్పుడల్లా నేనేం చేశాను? ఉప్పు ఎక్కువైందన్నాను, దారాలు తెచ్చావా అన్నాను, చూద్దాం గారి నడకని అనుకరించి చూపించాను. ఈ నెలంతా ఎన్నిసార్లు "ఓ మాట" అందో, ఎన్నిసార్లు నేను అడ్డం పడ్డానో, ఆ తర్వాతే కదా ఏం లేదులే. నేను నోరు మూసుకుని తను చెప్పేది చివరిదాకా వినేది ప్రపంచం మొత్తంలో ఈ కుర్చీలో ఒక్కచోటే. పిచ్చిది కాదు మా వదిన.

"ఉంగరం" అన్నాను.

చప్పట్లు పడ్డాయి. "ఎవరిది?" "ఎవరిదేంటి, మా వదినదే." నవ్వులు. సొంత ఉంగరంతో మోసం చేస్తున్నారని ఎవరో అరిచారు, ఇంకా నవ్వులు. వదిన నవ్వలేదు. "దీని సొంతదారు మనసులో ఏముంది మరదలా?" ఇది మామూలుగా అడిగే ప్రశ్నే, ఊరూరా అడిగేదే, దీనికి ఏ లెక్కా లేదు, నేనే చదవాలి. ఇన్నేళ్లకి మొదటిసారి చదవాలి. "భయం" అన్నాను, "ఆడబిడ్డ ఏమంటుందోనని." హాల్లో ఆడవాళ్లంతా ఒక్కసారి పకపకమన్నారు, ఒకావిడ చప్పట్లు కూడా కొట్టింది, ఎవరి బాధ వాళ్లది. నవ్వు సద్దుమణిగేదాకా వదిన ఆగింది. ఆగి, మైకు కాస్త దూరంగా పట్టుకుని అడిగింది. "ఏమంటుంది మరి?"

ఇది ఆటలో లేదు.

ఏమంటుంది. రెండు గదుల ఇల్లు, ఒక గదిలో మిషన్లు, ఒక గదిలో ఒక మంచం. మూడో పీట, ఉప్పుడబ్బా. అన్నయ్యా, నువ్వేమంటావు? నువ్వయితే తెర ఎత్తి తల బయటపెట్టి "కొలత చెప్పవేం, ఎదుటి మనిషి ఎంతసేపు నిలబడాలి" అంటావు. నా అర్ధమొగుడితనం ఇలా పనికొచ్చిందన్నమాట, అనుమతి అడిగించుకోవడానికి. నన్నెందుకు అడగాలి, తన వేలు, తన ఉంగరం, కానీ అడిగింది, ఇంతమందిలో నన్నే అడిగింది, నేను కాదంటే తీసేసేదానిలా అడిగింది. నాకు ఏడుపొస్తోంది, కోపమొస్తోంది, నవ్వూ వస్తోంది, ఏది ముందు వస్తే దాన్నే బయటికి పంపిద్దామని నోరు తెరిచాను. వచ్చింది మాత్రం కుట్టుపని మాటే.

"ఉంగరం వదులుగా ఉందంటుంది" అన్నాను. "ఇందాక జారిపడింది కదా. కొలత తీసుకోకుండా చేయించినవాళ్ల తెలివికి దండం. వేలు సన్నబడిందని చూడరా? లోపలివైపు దారం నాలుగు చుట్లు చుట్టుకుని పెట్టుకోమంటుంది. తెల్లదారం కాదు, మాసిపోతుంది, మన దగ్గర పసుపురంగుది ఉంది, నేనే చుట్టిపెడతాను. ఆ లైటు తిప్పే పెద్దమనిషికి కూడా చెప్పు వదినా. ఇకమీదట నేల మీద వెతుక్కోనక్కర్లేదు, లైటు నా మొహం మీద ఉంచితే చాలు."

జనం నవ్వారో లేదో నేను వినలేదు. కొందరు నవ్వే ఉంటారు, కొందరికి ఏదో అర్థమయ్యే ఉంటుంది, ఎందుకంటే ముందు వరసలో ఎవరో మెల్లగా "ఓహో" అన్నారు, సంతోషంగా. లైటు వణికింది. సందులోంచి నా చేతులు ఓసారి మసకేసి మళ్లీ వెలిగాయి, హాలు వెనక ఎత్తు మీద నుంచి ఏదో ఇనుపది తగిలిన చప్పుడు, ఆయన నిలదొక్కుకుంటున్నాడు కాబోలు. అలవాటు కొద్దీ నా బొటనవేలు తొక్కుతూనే ఉంది, ఎవరూ సరే అనకపోయినా. మైకులో ముక్కు ఎగపీల్చిన చప్పుడు వినిపించింది, పెద్దగా, ఏ నాటకమూ లేకుండా. ఇంత గొప్ప నటికి ముక్కు ఎగపీల్చేటప్పుడు మైకు పక్కకి తిప్పాలని తెలియదా.

"సరే" అంది వదిన.

నేను తొక్కాను. ఒకటి. తనూ తొక్కింది, నాకు తెలుసు, పక్క మిషను ముందు కూర్చున్నంత బాగా తెలుసు. రెండు. మూడు.

"ఏంటిది మరదలా?"

"రుమాలు" అన్నాను. "ఎవరిదైతే నాకేంటి, ముందు ముక్కు తుడుచుకో."

హాలు ఘొల్లుమంది, చప్పట్లు ఆగలేదు, చివరి మెట్టు కిర్రుమంది, వదిన నా వైపు వస్తోంది. నాకు రుమాలు అక్కర్లేకపోయింది. నా కళ్లకి గంతలున్నాయి.